పాకం తెలిసిన చేతికి చాక్లెట్ కష్టం కాదు

పోయిన నెల ఇదే పేజీలో, ఇంట్లో చేసిన చాక్లెట్లు, క్యారమెల్స్ పెట్టెలో సర్ది అయినవాళ్ళకి ఇస్తే ఎంత బాగుంటుందో నాలుగు మాటలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొన్ని చదువుతుంటే, వచ్చిన నష్టం నాదే అన్నంత బాధేసింది. నల్లకుంటలో మా ఇంటి వెనక గదిలో ఇరవై ఏళ్లుగా చాక్లెట్ క్లాసులు చెబుతున్నాను కాబట్టి ఈ ఇబ్బందులు అన్నీ నా చేతులమీదుగా పోయినవే. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అరకిలో చాక్లెట్ బార్ కొని, మరుగుతున్న నీళ్ళ మీద గిన్నె పెట్టి కరిగిస్తున్నాను. బాగానే కరిగింది. ఉన్నట్టుండి బంకమట్టిలా ముద్దకట్టింది. పలచబడుతుందని రెండు చెంచాల పాలు పోస్తే ఇంకా బిగుసుకుపోయింది. నాసిరకం సరుకు అంటగట్టారా?
– కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: సరుకు తప్పు కాదమ్మా, తడి తప్పు. పంచదార డబ్బాలో తడి చెంచా పెడితే ఏమవుతుంది? చెంచా చుట్టూ ఉండలు కడుతుంది కదా. ఇదీ అంతే. చాక్లెట్ అంటే సన్నటి పంచదార, కోకో పొడి రేణువులు కొవ్వులో తేలుతూ ఉండటం. అందులో చుక్క నీరు పడితే ఆ రేణువులు తడిసి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మీ గిన్నె కింది గిన్నెకన్నా చిన్నదై ఉంటుంది, పక్కల నుంచి లేచిన ఆవిరి లోపల పడింది. రెండు చెంచాల పాలు పోయడంతో ఆ పట్టు ఇంకా గట్టిపడింది.

విచిత్రం ఏమిటంటే, కొంచెం తడి చెడగొడుతుంది, సరిపడా తడి బాగుచేస్తుంది. ముద్దకట్టిన చాక్లెట్ వంద గ్రాములుంటే 50, 60 మిల్లీలీటర్ల వేడి పాలు గానీ క్రీమ్ గానీ కొద్దికొద్దిగా పోస్తూ గిలక్కొట్టండి. మెల్లగా మెరుపు వచ్చి సాస్‌లా మారుతుంది. అచ్చుల్లో పోయడానికి పనికిరాదు గానీ కేకు మీదకి, పిల్లల పాలలోకి అద్భుతంగా ఉంటుంది. పారేయకండి.

ఇకముందు పైగిన్నె పెద్దది వాడండి. నీళ్ళు మరిగాక స్టవ్ ఆపేసి అప్పుడు గిన్నె పెట్టండి. చెక్క గరిటె వద్దు, కడిగిన నీరు చెక్కలో నిలిచే ఉంటుంది. నేను క్లాసులు మొదలుపెట్టిన ఏడాదే మా ఆడపడుచు సీమంతానికి చేస్తున్న రెండు కిలోల చాక్లెట్ ఒక్క చెక్క గరిటె వల్ల పోగొట్టుకున్నాను. ఆరిందనే అనుకున్నాను, లోపల ఆరలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో చాక్లెట్‌కి వేరే గరిటెలు, వేరే తుడుపుగుడ్డ.

ప్రశ్న: రాఖీకి అన్నయ్యకి నా చేత్తో చేసిన డార్క్ చాక్లెట్లు పంపాను. నేను పెట్టెలో పెట్టినప్పుడు బాగానే ఉన్నాయి. నాలుగు రోజులకి బూజు పట్టినట్టు తెల్లటి మచ్చలు వచ్చాయని ఫోన్ చేశాడు. పారేశాడు కూడా. చాలా ఏడుపొచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టే గట్టిపరిచాను, ఎక్కడ పొరపాటు జరిగింది?
– దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: తల్లీ, అది బూజు కాదు. అన్నయ్య తినేసి ఉన్నా ఏమీ అయ్యేది కాదు. ముందు ఆ బెంగ వదిలెయ్.

అసలు చాక్లెట్‌లో ఉండే కొవ్వు పేరు కోకో బటర్. అది చల్లారేటప్పుడు ఆరు రకాలుగా గడ్డకట్టగలదు. అందులో ఐదో రకమే మనకు కావాల్సింది. అది సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే చేతిలో గట్టిగా ఉండి నాలుక మీద కరిగిపోతుంది. విరిస్తే టక్కుమంటుంది, అద్దంలా మెరుస్తుంది. మనం ఊరికే కరిగించి అచ్చులో పోస్తే ఏ రకం పడితే ఆ రకం కడుతుంది. నాలుగు రోజుల్లో ఆ కొవ్వు సర్దుకుంటూ పైకి తేలి తెల్లగా పేరుకుంటుంది. నీకు జరిగింది ఇదే అయ్యుండాలి. లేదా, ఫ్రిజ్‌లోంచి తీయగానే మూత తెరిచి ఉంటే చాక్లెట్ మీద చెమ్మ పట్టి, పైన పంచదార కరిగి, ఆరాక గరుగ్గా తెల్లబడుతుంది. వేలితో రాస్తే జిడ్డుగా కరిగిపోయేది మొదటిది, గరగరలాడేది రెండోది. ఆగస్టులో, వానాకాలం గాలిలో రెండూ కలిసి వచ్చినా ఆశ్చర్యం లేదు.

మందు ఒక్కటే, టెంపరింగ్. పేరు విని భయపడకు, పెరుగు తోడు పెట్టడం లాంటిదే. డార్క్ చాక్లెట్ 300 గ్రాములు సన్నగా తరుగు. 200 గ్రాములు కరిగించి 45, 48 డిగ్రీల దాకా తీసుకెళ్ళు. కిందకి దించి, మిగతా 100 గ్రాముల తరుగు కొద్దికొద్దిగా వేస్తూ కలుపు. ఆ తరుగులో ఐదో రకం ముందే ఉంటుంది, అది తోడులా పనిచేసి మిగతా అంతటినీ తన దారిలోకి తెచ్చుకుంటుంది. కలుపుతూ కలుపుతూ 31, 32 డిగ్రీలకి రావాలి. మిల్క్ చాక్లెట్ అయితే 29, 30. వైట్ చాక్లెట్ అయితే 28, 29. థర్మామీటర్ లేకపోతే కొంచెం పెదవి కింద తాకించి చూడు. మన ఒంటి వేడి 37 కాబట్టి, సరిగ్గా వచ్చిన చాక్లెట్ అక్కడ కాస్త చల్లగా తగలాలి. వేడిగా తగిలితే ఇంకా కాలేదు.

తర్వాత కత్తి మొనకి రాసి ఏసీ గదిలో పెట్టు. ఐదు నిమిషాల్లోపు ఆరి మెరిస్తే అచ్చుల్లో పోసెయ్. ఐదు నిమిషాలు దాటినా తడితడిగా, చారలుగా ఉంటే ఇంకొంచెం తరుగు వేసి మళ్ళీ కలుపు. ఈ కత్తి పరీక్ష చేయకుండా ఒక్క అచ్చు కూడా నింపకు.

గది 20 నుంచి 22 డిగ్రీలు ఉండాలి. హైదరాబాద్‌లో మార్చి నుంచి జూన్ దాకా ఏసీ లేకుండా ఈ పని పెట్టుకోవద్దని మా క్లాసులో గట్టిగా చెబుతాను. డిసెంబరు, జనవరి రాత్రులు మాత్రం మనకి వరం. అచ్చుని ఫ్రిజ్‌లో పెట్టినా పది, పదిహేను నిమిషాలే. రాత్రంతా పెట్టకు.

ఇంకో మాట. నువ్వు కొన్న బార్ మీద ఏమి రాసుందో చూడు. కొవ్వుల వరసలో కోకో బటర్ ఉంటే అది అసలు చాక్లెట్. హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్. కాంపౌండ్‌కి టెంపరింగ్ అక్కర్లేదు, కరిగించి పోయడమే, వేడికి కూడా కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. పిల్లల పుట్టినరోజుకి వంద చేయాలంటే నేనూ అదే వాడతాను. కానీ అన్నయ్య కోసం అంత ప్రేమగా చేసేటప్పుడు అసలుదే వాడు. నోట్లో మైనంలా అంటుకోకుండా కరిగిపోవడం అందులోనే ఉంటుంది.

మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. మన దేశంలో కోకో ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, అందులోనూ మా గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో. చిన్నప్పుడు పండిన కాయ పగలగొట్టి, గింజల చుట్టూ ఉండే తెల్లటి గుజ్జు చప్పరించేవాళ్ళం. సీతాఫలానికి కాస్త పులుపు తోడైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ గింజలు పెట్టెల్లో పులిసేటప్పుడు వచ్చే వాసన నాకు ఇప్పటికీ పుట్టింటి వాసన. అప్పట్లో ఎండబెట్టిన గింజలు అమ్మేయడమే తప్ప వాటితో చేసిన చాక్లెట్ మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఇప్పుడు బంజారాహిల్స్‌లో ‘మనం చాక్లెట్’ అనే కంపెనీ వాళ్ళ కార్ఖానాకి వెళితే పశ్చిమ గోదావరి కోకోతో చేసిన బార్లు దొరుకుతున్నాయి. ఒకసారి కొని రుచి చూడు. అసలు చాక్లెట్ ఎలా విరుగుతుందో, ఎలా కరుగుతుందో నోటికి తెలిస్తే చేతికి తెలియడం తేలిక.

ప్రశ్న: సాఫ్ట్ క్యారమెల్స్ మూడుసార్లు చేశాను. ఒకసారి ఇసుకలా గరగరగా వచ్చాయి. రెండోసారి మా మామగారి పన్ను కదిలేంత గట్టిగా వచ్చాయి. టెన్షన్ పడి థర్మామీటర్ కూడా కొన్నాను. రెసిపీలో చెప్పినట్టు సరిగ్గా 120 డిగ్రీలకి దించాను, అయినా గట్టిగానే వచ్చాయి. ఇక వదిలేయమంటారా?
– అల్వాల్ నుంచి ఒక గృహిణి

జవాబు: వదిలేయకండి. మీరు అరిసెలు చేస్తారా? చేస్తే మీకు క్యారమెల్ సగం వచ్చినట్టే.

మా అత్తగారు అరిసెల పాకం చూసే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. పొయ్యి పక్కనే పళ్ళెంలో చల్లటి నీళ్ళు. గరిటెతో ఒక్క చుక్క వదిలేది. అది నీళ్ళలో చెదిరిపోతే మాట్లాడేది కాదు, ఇంకా కలిపేది. కాసేపటికి మళ్ళీ వదిలేది. ఈసారి చుక్క అడుగున నిలిచేది. చూపుడువేలు, బొటనవేలుతో దగ్గరికి తీసి ఉండ చేసేది. వేళ్ళ మధ్య ఉండ కట్టి, మెత్తగా నొక్కుకుంటే “పిండి పోయండి” అనేది. పప్పు ఉండలకైతే ఇంకా ఆగేది. ఉండని పళ్ళేనికేసి కొడితే ఠంగుమనాలి. ఆమె ఏ థర్మామీటరూ చూడలేదు, పాకం తప్పిందీ లేదు.

క్యారమెల్‌కి కావాల్సింది అరిసెల పాకం కంటే ఒక్క వాసి ముదురు. నీళ్ళలోంచి తీసిన ఉండ మీ అరచేతిలో చదును కాకుండా నిలబడాలి, నొక్కితే మాత్రం అణగాలి. ఠంగుమంటే దాటిపోయినట్టు. మన ఓవర్‌హెడ్ ట్యాంక్ నీళ్ళు వెచ్చగా ఉంటాయి, వాటితో చూస్తే ఉండ ఎప్పటికీ కట్టదు, మీరు పాకం ముదరబెట్టేస్తారు. పళ్ళెంలో రెండు ఐసు ముక్కలు వేసుకోండి.

ఇక థర్మామీటర్ సంగతి. సముద్రమట్టం దగ్గర నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. మన హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ 98 దగ్గరే మరుగుతాయి. పాకం కూడా అంతే, రెండు డిగ్రీలు ముందే ఆ స్థితికి వస్తుంది. ఎక్కడో సముద్రం పక్కన రాసిన రెసిపీలోని 120, మనకి 122 పాకమంత గట్టిది. క్యారమెల్‌కి రెండు డిగ్రీలంటే పన్ను కదిలే తేడా. అందుకని ముందు మరిగే నీళ్ళలో మీ థర్మామీటర్ పెట్టి ఎంత చూపిస్తుందో చూసుకోండి. ఆ అంకెకి 20 కలిపితే అదే మీ ఇంటి క్యారమెల్ వేడి. థర్మామీటర్‌లో చిన్న తేడా ఉన్నా ఈ లెక్కలో సర్దుకుంటుంది.

నేను చేసే కొలత చెబుతాను. పంచదార 250 గ్రాములు, లిక్విడ్ గ్లూకోజ్ 100 గ్రాములు, టెట్రాప్యాక్ ఫ్రెష్ క్రీమ్ 250 మిల్లీలీటర్లు, వెన్న 60 గ్రాములు, ఉప్పు అర చెంచా. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె, మీరు అనుకున్న దానికన్నా పెద్దది తీసుకోండి, పాకం మూడింతలు పొంగుతుంది. నల్లటి నాన్‌స్టిక్ వద్దు, అందులో రంగు తెలియదు.

పంచదార, గ్లూకోజ్, పావు కప్పు నీళ్ళు సన్న సెగ మీద పెట్టి, పంచదార పూర్తిగా కరిగేదాకా మాత్రమే కలపండి. మరగడం మొదలయ్యాక గరిటె పక్కన పెట్టేయండి. మీకు ఇసుకలా వచ్చింది ఇక్కడే. గిన్నె గోడకి అంటుకున్న నాలుగు పలుకులు పాకంలో పడితే మొత్తం మళ్ళీ పంచదార అయిపోతుంది. రెండు నిమిషాలు మూత పెడితే ఆవిరే గోడలు కడిగేస్తుంది. గ్లూకోజ్ వేసేదీ అందుకే, పలుకులు మళ్ళీ చేరకుండా అడ్డుపడుతుంది. గ్లూకోజ్ దొరక్కపోతే నాలుగు చుక్కల నిమ్మరసం కొంతవరకు ఆ పని చేస్తుంది.

ముందు తేనె రంగు వస్తుంది, తర్వాత ఎర్రబడుతుంది. తోమిన రాగి చెంబు రంగు రాగానే సెగ ఆపండి. ఇక్కడ పది సెకన్లు ఆలస్యం చేస్తే చేదు. క్రీమ్ వేరే గిన్నెలో వెచ్చబెట్టి ఉంచుకుని సన్నధారగా పోయండి. భుస్సున పొంగుతుంది, ఆవిరి చేతికి తగలకుండా చూసుకోండి, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. వెన్న, ఉప్పు వేసి మళ్ళీ మధ్యస్థం సెగ మీద ఇప్పుడు మాత్రం అడుగంటకుండా కలుపుతూనే ఉండండి. చివరి రెండు మూడు నిమిషాలు పళ్ళెం పక్కనే ఉండాలి. పాకం చూసేటప్పుడు సెగ తగ్గించండి, మీరు ఉండ చేస్తున్నంతసేపూ పొయ్యి మీద పాకం ముదురుతూనే ఉంటుంది.

నెయ్యి రాసిన ట్రేలో పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు నెయ్యి రాసిన కత్తితో కోస్తే యాభై దాకా ముక్కలు వస్తాయి. కోసిన వెంటనే ఒక్కొక్కటీ కాగితంలో చుట్టాలి. వదిలేస్తే గాలిలో చెమ్మ పీల్చుకుని సాయంత్రానికి జిగురవుతాయి.

పోయినసారి గట్టిగా వచ్చినవి ఉంటే తీసి పెట్టండి. నాలుగు చెంచాల క్రీమ్‌తో సన్న సెగ మీద కరిగించి మళ్ళీ పాకం పట్టొచ్చు. ఇసుకలా వచ్చినవి పావు కప్పు నీళ్ళు పోసి పలుకు లేకుండా కరిగించి, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. పాకంలో పోగొట్టుకున్నది చాలావరకు తిరిగి వస్తుంది, మాడిందొక్కటే రాదు.

ప్రశ్న: పంచదార బదులు బెల్లంతో క్యారమెల్ చేయొచ్చా? ఒకసారి ప్రయత్నిస్తే పాలు విరిగినట్టు అయింది.
– నారాయణగూడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చేయొచ్చు. వేడి పాలలో బెల్లం వేస్తే పరమాన్నం విరిగిపోతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు కదా, క్రీమ్‌కీ అదే జరిగింది. కొబ్బరిపాలతో చేయండి, విరగదు. బెల్లం కరిగించి వడకట్టడం మాత్రం మరవకండి, ఇసుక ఉంటుంది. యాలకులు వద్దు, చిటికెడు శొంఠి వేయండి.

ప్రశ్న: చాక్లెట్ల మీద బంగారు మెరుపు కోసం ఆన్‌లైన్‌లో లస్టర్ డస్ట్ కొన్నాను. డబ్బా మీద నాన్ టాక్సిక్ అని ఉంది. వాడొచ్చా? రంగులు ఏవి వాడాలి?
– మియాపూర్ నుంచి ఒక ఐటీ ఉద్యోగిని

జవాబు: దయచేసి వాడకండి. నాన్ టాక్సిక్ అంటే పొరపాటున నోట్లో పడితే విషం కాదని మాత్రమే, తినడానికి చేసింది అని కాదు. డబ్బా మీద తినదగినది అని స్పష్టంగా ఉండాలి, అందులో ఏమేం కలిపారో రాసి ఉండాలి, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబర్ ఉండాలి. కేకు బొమ్మల మీద అలంకారానికి చేసిన పొడులు కూడా అదే అరలో అమ్ముతున్నారు. చిన్నపిల్లలు తినే వస్తువు, ఈ విషయంలో నేను అస్సలు సర్దుకోను.

రంగులు చాక్లెట్ కోసమే చేసిన నూనె రంగులు కొనండి. మైసూర్‌పాకులో, కేకు క్రీమ్‌లో వేసే మామూలు రంగుల్లో నీరుంటుంది, చాక్లెట్ ముద్దకడుతుంది.

మెరుపే కావాలంటే మన ఊళ్ళో వరఖ్ ఉండగా బెంగ దేనికి? చార్మినార్ దగ్గర సందుల్లో వెండి రేకుని సుత్తితో కొట్టే చప్పుడు నేను పెళ్ళై వచ్చిన కొత్తలో గంటలు గంటలు నిలబడి వినేదాన్ని. తినే వరఖ్‌లో వెండి 99.9 శాతం ఉండాలని, తయారీలో జంతువుల చర్మం లాంటివి వాడకూడదని నిబంధన ఉంది. అందుకని వివరాలన్నీ ఉన్న ప్యాకెట్ అడిగి తీసుకోండి. ఆరిన డార్క్ చాక్లెట్ మీద గోరంత ముక్క, పొడి బ్రష్‌తో అద్దండి. మొత్తం కప్పకండి, ఒక మూల చాలు.

ప్రశ్న: నేను పెళ్ళిళ్ళకి మెహందీ పెడతాను. చాక్లెట్ మీద డిజైన్లు గీయాలని ఆశ. గీస్తే ఉబ్బెత్తుగా వచ్చి అసహ్యంగా ఉంటోంది. నున్నగా, లోపల గీసినట్టు కనిపించాలంటే ఎలా?
– టోలీచౌకి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం చూసి ఎంత సంతోషం వేసిందో. మీ చేతిలో సగం కళ ఉంది, వరసే తిరగేయాలి. చాక్లెట్ చేశాక దాని మీద గీయడం కాదు, ముందు అచ్చు అడుగున గీసి, దాని మీద చాక్లెట్ పోయాలి. అచ్చు బోర్లించాక అడుగు పైకి వస్తుంది, గీత చాక్లెట్‌లో కలిసిపోయి అద్దంలా ఉంటుంది.

గట్టి ప్లాస్టిక్‌లా ఉండే పాలికార్బొనేట్ అచ్చు తీసుకోండి, బేగంబజార్‌లో దొరుకుతాయి. మెత్తటి సిలికాన్‌లో ఈ మెరుపు రాదు. పొడి దూదితో ప్రతి గుంటా గుండ్రంగా తుడవండి. మెహందీ కోన్ చుట్టినట్టే బటర్ పేపర్‌తో కోన్ చుట్టి, టెంపరింగ్ చేసిన వైట్ చాక్లెట్ రెండు చెంచాలు పోసి, మొన సూది మందాన కత్తిరించండి. మెహందీ కంటే ఇది త్వరగా జారుతుంది కాబట్టి నొక్కకండి, ఊరికే వదలండి. చుక్క పెట్టి, చుట్టూ నాలుగు వంపులు తిప్పితే చిన్న మెలికల ముగ్గు అవుతుంది. అక్షరాలు రాస్తే అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలి, మొదటిసారి అందరూ మరిచిపోతారు.

గీత రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి, 31 డిగ్రీల డార్క్ చాక్లెట్ పోసి, అచ్చుని బల్లకేసి పది పన్నెండుసార్లు తట్టండి, గాలి బుడగలు పోతాయి. చాక్లెట్ ఎక్కువ వేడిగా ఉంటే మీ ముగ్గు కరిగి చెదిరిపోతుంది, అదొక్కటే జాగ్రత్త. సరిగ్గా ఆరితే అచ్చు అడుగు నుంచి చూసినప్పుడు చాక్లెట్ విడివడి బూడిద రంగు పొరలా కనిపిస్తుంది. అప్పుడు బోర్లిస్తే వాటంతటవే రాలుతాయి. రాలకపోతే పొడవకండి, ఇంకో ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ ముగ్గు నున్నగా మెరుస్తూ బయటపడ్డ క్షణం మా క్లాసులో ఎవరైనా సరే చిన్నపిల్లల్లా కేకపెడతారు.

ప్రశ్న: జనవరిలో మా అమ్మాయి నిశ్చితార్థం రాజమండ్రిలో. వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి 120 చిన్న పెట్టెలు నేనే చేద్దామనుకుంటున్నాను. ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి? ప్రయాణంలో కరగవా?
– వనస్థలిపురం నుంచి ఒక తల్లి

జవాబు: పెట్టెకి నాలుగు చొప్పున 480 అవుతాయి. ఒక్కరే చేయకండి వదినగారూ, చుట్టడానికైనా ఇద్దర్ని పిలవండి.

క్రీమ్ పోసిన మెత్తటి లోపలి ముద్ద ఉన్నవి ఈ పనికి వద్దు, అవి ఫ్రిజ్‌లో వారం, పది రోజులకి మించి ఉంచలేం. రెండు బాదం, కిస్‌మిస్ చాక్లెట్లు, రెండు క్యారమెల్స్ పెట్టండి. క్యారమెల్స్ రెండు వారాల ముందు చేసి చుట్టి డబ్బాలో పెట్టుకోవచ్చు. చాక్లెట్లు కూడా అప్పుడే చేయొచ్చు. బాదంపప్పు దోరగా వేయించి పూర్తిగా చల్లారాకే వేయండి, వెచ్చటి పప్పు టెంపరింగ్‌ని పాడుచేస్తుంది.

రాత్రి బండిలో వెళ్ళండి. థర్మోకోల్ పెట్టెలో అడుగున ఐస్ జెల్ ప్యాకులు, వాటి మీద నాలుగు మడతల న్యూస్‌పేపర్, ఆ పైన మూత బిగించిన డబ్బాలు. ఊరు చేరాక డబ్బాలు తెరవకుండా రెండు గంటలు అలాగే ఉంచండి. చల్లటి చాక్లెట్‌కి గోదావరి గాలి తగిలితే ఒళ్ళంతా చెమ్మ పడుతుంది. అందమైన పెట్టెల్లో సర్దడం అక్కడే చేయండి. బాదం, పాలు ఉన్నాయని చిన్న చీటీ మీద రాసి పెట్టండి, కొందరికి పడవు. రేపు ఇది నచ్చి ఎవరైనా డబ్బిచ్చి చేయించుకుంటామంటే మాత్రం ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. వచ్చే నెల మా నలభయ్యో పెళ్ళిరోజు. మా ఆవిడకి నా చేత్తో చేసిన చాక్లెట్లు ఇవ్వాలని ఉంది. నాకు టీ పెట్టడం తప్ప వంటింట్లో ఏమీ రాదు. ఆమెకి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అంటే ప్రాణం. పెళ్ళైన కొత్తలో సాయంత్రాలు అబిడ్స్‌లో అదే మా షికారు.
– మలక్‌పేట నుంచి

జవాబు: మాస్టారూ, టీ పెట్టడం వస్తే చాలు. అచ్చులు వద్దు, టెంపరింగ్ వద్దు.

డార్క్ చాక్లెట్ 200 గ్రాములు చాకుతో సన్నగా తరగండి. ఫ్రెష్ క్రీమ్ 120 మిల్లీలీటర్లు సన్న సెగ మీద అంచుల్లో బుడగలు వచ్చేదాకా వెచ్చబెట్టి, రెండు చెంచాల టీపొడి వేసి, స్టవ్ ఆపి మూత పెట్టండి. గడియారం చూసి ఐదే నిమిషాలు. ఇంకా ఉంచితే వగరు దిగుతుంది. వడకట్టి, చెంచాతో గట్టిగా నొక్కి కొలవండి. 100 మిల్లీలీటర్లు ఉండాలి, తగ్గితే క్రీమ్ కలపండి. మళ్ళీ వేడిచేసి తరుగు మీద పోసి రెండు నిమిషాలు ముట్టుకోకండి. తర్వాత మధ్యలోంచి బయటికి మెల్లగా కలిపితే నల్లగా మెరుస్తూ వస్తుంది. ఒకవేళ నూనె తేలినట్టు కనిపిస్తే కంగారుపడకండి, ఒక చెంచా వెచ్చటి పాలు పోసి కలిపితే దగ్గరపడుతుంది.

మూత పెట్టి మూడు గంటలు ఫ్రిజ్‌లో. చేతులు చల్లటి నీళ్ళతో కడిగి బాగా తుడుచుకుని, సున్నుండల్లాగే, కానీ ఉసిరికాయంతే చుట్టండి. చేతి వేడికి కరుగుతుంటే మధ్యలో ఆగి గిన్నె మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టండి. ముప్ఫై దాకా అవుతాయి.

ఉస్మానియా బిస్కెట్లు నాలుగైదు గుడ్డలో వేసి అప్పడాల కర్రతో నలపండి. మరీ పొడి చేయకండి, పంటి కింద ఆ ఉప్పూ తీపీ తగలాలి. ఉండలు ముందురోజు చుట్టి డబ్బాలో దాచుకోవచ్చు గానీ బిస్కెట్ పొడి మాత్రం పెళ్ళిరోజు నాడే దొర్లించండి, ముందే అద్దితే మెత్తబడుతుంది. అమ్మగారికి ఇచ్చే ముందు అరగంట బయట ఉంచండి. ఆ అరగంటలో చాయ్ పెట్టేయండి, రెండు కప్పులు.